బొటనవేలి గోరు

అల్మాస్‌గూడలో మా కింది వాటాలో లేత్ మిషన్ మీద ఇనుము కోసే పని చేసి రిటైరైన టర్నర్ ఒకాయన ఉండేవాడు. ఆయన కళ్లజోడు జేబులోనే ఉండేది. చూపంతా కుడి బొటనవేలి గోరులోనే.

మా నాయనమ్మ పట్టు దారం చుట్టే రాట్నం కదురు విరిగింది. ఆమె చేతికి పని లేకపోతే నోటికి పని పెరుగుతుంది. మేడ మీద నా బుల్లి లేత్‌పై స్టీలు కదురు చేసిచ్చాను. గరుకు తగిలి దారం తెగింది. గరుకు కాగితంతో అద్దంలా రుద్ది ఆయనకిచ్చాను. కళ్లు మూసుకుని గోరుతో గీశాడు.

"మెరుస్తుంది బిడ్డా. గోరు ఒప్పుకుంటలేదు."

వరసగా చేసిన నాలుగు కదుర్లకూ అదే తీర్పు.

"తాతా, జర గా గోరు తీసేస్కోరాదే!"

"గోరుదేం తప్పు? భయపడి వెంట్రుకంత కోస్తున్నవ్. అది కోసుడు గాదు, రుద్దుడు."

లేత్ ఉలి మొనను నూనెరాయి మీద నూరి, కొస కాస్త గుండ్రంగా చేయించాడు. నూనె చుక్కలేస్తూ, ఈసారి లోతుగా, ఆగకుండా కోశాను. ఆయన గోరుతో గీశాడు.

"ఒప్పుకుంది."

ఆ రోజు నాయనమ్మ దారం ఒక్కసారీ తెగలేదు, నోరూ లేవలేదు.

తర్వాత ఆయన హయత్‌నగర్ మారిపోయాడు. ఇప్పుడు నా బొటనవేలి గోరు కత్తిరించమని అమ్మ పోరుతోంది. అది ఒప్పుకోవడం లేదు.