దొంగెవరో చెప్పెయ్యండి

రేపల్లెలో మా బడి పిల్లల చేత పాఠం కాని పుస్తకం ఒక్క పేజీ చదివించాలంటే తలప్రాణం తోకకొచ్చేది. రోజూ తెనాలి నుంచి ప్యాసింజర్‌లో వెళ్లివచ్చేదాన్ని. ఒక సాయంత్రం తెనాలిలో పాత పుస్తకాల బండి మీద పిల్లల డిటెక్టివ్ కథల సిరీస్ కనబడింది. ఆరు భాగాలు. ఒక్కో దాంట్లో ఒక్కో దొంగతనం, చివరి భాగంలో అన్నిటి వెనకా ఉన్న అసలు దొంగ. బేరమాడి మొత్తం తెచ్చేశాను.

ఇక చూడండి తమాషా! భాగం పూర్తి చేసినవాళ్లకే ఆటలో చోటన్నాను. నిమ్మరసంతో రహస్య లేఖలు రాయించాను. వరండాలో ముగ్గుపిండి చల్లి అడుగుజాడలు కొలిపించాను. ప్రేయర్ ఎగ్గొట్టే గాడిదలు కూడా అందరికంటే ముందొచ్చి నా బీరువా దగ్గర కాపు కాసేవాళ్లు. నేను పెట్టిన గట్టి నియమం ఒక్కటే. దొంగెవరో ముందే చెప్పినా, చెప్పమని అడిగినా వీపు విమానం మోతే.

అందరిలోకీ చురుకైంది ఏడో తరగతి పిల్ల ఒకతి. మాట తక్కువ. తండ్రి లేడు, తల్లి రొయ్యల షెడ్డులో కూలి. ఐదో భాగం రెండుసార్లు చదివేసి, ఆరోదాని కోసం రోజూ నా మొహం చూసేది.

ఆ ఆరో భాగాన్నే ఆట కోసం నా క్యారేజీ సంచిలో దాచి మాయం చేశాను. "పుస్తకం పోయింది, దొంగని పట్టుకోండి" అన్నాను. బీరువా అద్దం మీద నా బొటనవేలి ముద్ర వదిలాను. చివరికి నా వేలూ అడుగుతారని నా ఎత్తు. వాళ్లు స్టాంపు ప్యాడ్ పెట్టి ముందు ఒకరి వేళ్లొకరు కాగితం మీద ఒత్తించుకున్నారు. అందరివీ గీతలు చక్కగా పడ్డాయి. ఆ పిల్లవి మాత్రం ఉత్త నల్లటి మరకలు.

"మేడమ్, దీనికి ముద్రల్లేవండి! ఇదే దొంగండి!" అని ఒకటే గోల.

"నోర్ముయ్యండ్రా, ఇంకు పాడై ఉంటుంది" అని కసిరి ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. వేళ్ల కొసలు తెల్లగా నాని, చర్మం పొరలు పొరలుగా లేచిపోయి ఉంది.

"ఏంటే ఇది?"

"రొయ్యలు వలుస్తానండి. తెల్లారకముందే అమ్మతో వెళ్తానండి. ఐసులో ఉంటాయి కదండీ, అందుకు."

 దొంగ అని అరిచినవాళ్లే స్టాంపు ప్యాడ్ మూసేశారు.

ఆ మరుసటి వారం నుంచి ఆ పిల్ల రాలేదు. తల్లీకూతుళ్లు బాపట్ల అవతల షెడ్డుకి వెళ్లిపోయారనీ, అక్కడ రోజంతా పని దొరుకుతుందనీ పక్కింటామె చెప్పింది. బడి ఈడు పిల్ల చేత పని చేయిస్తున్నారని చెప్పవలసిన ఆఫీసులో చెప్పాను. చూస్తామన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు, వాళ్ల జిమ్మడ!

ఒక ఆదివారం ఆరో భాగం సంచిలో వేసుకుని తెనాలిలో బాపట్ల రైలెక్కాను. సూర్యలంక దారిలో రేకుల షెడ్డు అది. గుమ్మంలోనే నీచు వాసన. బల్లల వెంట ఆడవాళ్లు వరసగా నిలబడి రొయ్యలు వలుస్తున్నారు. వాళ్ల మధ్య, తల్లి పక్కన, బల్ల అందక బోర్లించిన ట్రే మీద నిలబడి ఉంది నా పిల్ల.

"బాగున్నారా మేడమ్?" అంది, చేతులు ఆపకుండానే.

తల్లి తలెత్తింది. "దాన్ని తీసుకెళ్దామని వచ్చారామ్మా? నా వేళ్లు వంగట్లేదు. ఇది చెయ్యకపోతే ఇద్దరికీ పస్తే" అంది. ఆ గొంతులో కోపం కూడా లేదు.

పుస్తకం తీసి ఆ పిల్లకి చూపించాను. "పోయిన పుస్తకం దొరికిందే."

నవ్వింది. "పోలేదండి, మీ క్యారేజీ సంచిలోనే కనబడింది. అద్దం మీద ముద్ర పెద్దవాళ్లది కదండీ, మొదటిరోజే తెలిసిపోయింది. చెప్పేస్తే ఆట అయిపోద్దని ఊరుకున్నానండి."

దొంగ అనిపించుకుని కూడా నోరు మెదపలేదు, ఆట కోసం. నాకు ఏడుపు ఆగలేదు. "తీసుకో తల్లీ, ఇది నీదే" అన్నాను.

తన చేతుల వంక చూసుకుంది. "తడండి, పాడైపోద్ది. ఐనా ఎప్పుడు చదువుతానండీ?"

అవతల నుంచి మేస్త్రి కేకేశాడు. ఆ పిల్ల కంగారుగా నా వైపు వంగింది.

"దొంగెవరో చెప్పెయ్యండి మేడమ్."

చెప్పేశాను.

"నేనూ అదే అనుకున్నానండి" అంటూ ఇంకో రొయ్య అందుకుంది.