నాయన నింపే ఫారంలో పన్నెండో కాలమ్

మా ఇంట్లో ఏ ఫారమైనా నాయనే నింపుతాడు. ఆయన తిరుపతిలో ఒక గుడి ఆఫీసులో గుమాస్తా. నా ఒకటో తరగతి అడ్మిషన్ నుంచి గ్యాస్ కనెక్షన్ దాకా అన్నీ ఆయన చేతి రాతే. పద్ధతి కూడా ఆయనదే. స్నానం చేసి, నామం పెట్టుకుని, ఒక్కో కాలమ్ పైకి చదువుతాడు. మనమూ పైకే జవాబు చెప్పాలి. తల్లి పేరు అని చదివినా చెప్పాల్సిందే, ఆ తల్లి పక్కనే కూర్చుని బీన్స్ తుంచుతున్నా సరే.

అందుకే నాకు ప్రభుత్వ ఉద్యోగం వచ్చిందని ఉత్తరం రాగానే ఇల్లంతా సంబరపడుతుంటే, దానితో వచ్చిన ఫారాన్ని నేనొక్కణ్ణే చివరిదాకా చదివాను. పన్నెండో కాలమ్: మీకు ఎప్పుడైనా ఏ కోర్టులోనైనా శిక్ష పడిందా?

పడింది. మూడేళ్ల క్రితం, చిత్తూరులో, తాగి బండి నడిపినందుకు.

ఇంట్లో ఎవరికీ తెలియదు. మాది ఉల్లిపాయను కూడా గడప దాటనివ్వని ఇల్లు. బయట మాత్రం అందరికీ తెలుసు, ఎందుకంటే నేనే చెప్పాను. నా కథల్లో బాగా ఆడినది అదే. స్నేహితుడి పెళ్లి భోజనాలయ్యాక పట్టపగలు మూడింటికి స్కూటరెక్కడం. పోలీసు గొట్టం పెట్టి ఊదమంటే పుట్టినరోజు కొవ్వొత్తిలా ఊది చప్పట్ల కోసం చుట్టూ చూడడం. కోర్టులో ఇరవై మందిమి వరసగా నిలబడి, పెళ్లి బంతిలో సాంబారు అడిగినంత తేలిగ్గా "ఒప్పుకుంటున్నాను" అంటూ ముందుకు జరగడం. ఆ రోజు ఒక వకీలు దగ్గరి గుమాస్తా మాకు ధైర్యం చెప్పాడు: "ఒప్పుకోండప్పా, ఫైను కట్టేసి పోండి. కడితే అయిపోయినట్టే." నేను నమ్మాను. బిల్లు కట్టాక కరెంటాఫీసు మన మీద కక్ష పెట్టుకోదు కదా.

శుక్రవారం మంచిదని, ఆ రోజు ఫారం నింపుదామని నాయన అన్నాడు. ఈలోపు ఆ రికార్డు ఎలా ఉందో చూసి, వీలైతే కొట్టేయించాలి. సోమవారం చిత్తూరు బస్సెక్కాను. కాగితాలను చెదలు తినేసి ఉంటాయని ఒక ఆశ. చెదపురుగుల మీద అంత భక్తి పెట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

కోర్టు కాపీల సెక్షన్లో ఒక పెద్దావిడ నా అర్జీ తీసుకుంది.

"ఎవురిదప్పా ఈ కేసు?"

"స్నేహితుడిది మేడమ్."

"స్నేహితుడి ఆధార్ మీద నీ ఫోటో ఉండాదే."

"మేమిద్దరం బాగా దగ్గర."

ఆవిడ నవ్వకుండా కంప్యూటర్లో నెంబరు కొట్టింది. చెదలు ఎక్కలేని చోట నా పేరు చక్కగా ఉంది. "బుధవారం రా," అంది.

బుధవారం నాలుగు పేజీలు చేతికొచ్చాయి. చదివే ధైర్యం లేక, ఎదురు వీధిలో ఒక ముసలి వకీలు గారికిచ్చాను. ఆయన మొదటి పేజీ అయ్యేసరికే తేల్చేశాడు.

"నువ్వే ఒప్పుకున్నావు గదప్పా. శిక్ష ఎక్కువైందనైతే పైకోర్టుకు పోవచ్చు. తప్పే చేయలేదని ఇప్పుడు చెప్పేదానికి లేదు. ఇట్లాంటిది తుడిపేసే చట్టం మనకు లేదు."

"మరి ఫారంలో ఏం రాయాలి సార్?"

"ఉన్నది రాయి. చిన్న కేసని చూసీ చూడనట్టు పోతారేమో. పోకపోవచ్చు కూడా. దాచిపెట్టి దొరికితే మాత్రం ఉద్యోగం గ్యారంటీగా పోతాది."

నేను జోకు కోసం వెతుక్కుంటుండగా ఆయన మూడో పేజీ దగ్గర ఆగాడు. "ఈ ఆడమనిషి ఎవురప్పా?"

"ఏ ఆడమనిషి?"

ఆయన పైకి చదివాడు. నేను బండిని వంకరటింకరగా నడుపుతూ, తలమీద టమోటా గంపతో రోడ్డు దాటుతున్న ఒక స్త్రీ మీదికి వెళ్లాననీ, ఆమె గంప వదిలేసి పక్క కాలువలోకి దూకిందనీ, గాయాలు లేవనీ, అది చూశాకే కానిస్టేబుల్ నన్ను ఆపాడనీ పోలీసు రిపోర్టు. కింద నా సంతకం. నాదే, అనుమానం లేదు. చివరి అక్షరం తోక కూడా వదల్లేదు.

ఆ గొట్టం ఏ రంగులో ఉందో నాకు గుర్తుంది. వరసలో నా ముందున్నవాడి చొక్కా గుర్తుంది. ఆమె మాత్రం ఎంత తవ్వినా రాలేదు.

తిరుగు బస్సులో ఒక స్టాపులో ఒకామె గంప ఎత్తుకుని ఎక్కింది. ఆమె దిగేదాకా నేను కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు. గురువారం టీకొట్టు దగ్గర మిత్రులు ఆ కథ మళ్లీ చెప్పమన్నారు. మొదలుపెట్టాను. స్కూటరెక్కాను, రోడ్డు మలుపు తిరిగాను. అక్కడ ఆమె నిలబడి ఉంది. ముఖం లేదు, గంప ఉంది. "గొట్టం కాడికి రారా," అన్నాడొకడు. నేను రాలేకపోయాను. టీ చల్లారిపోయిందని చెప్పి లేచాను.

శుక్రవారం నాయన మొదలుపెట్టాడు. పేరు, తండ్రి పేరు, చదువు. పన్నెండో దానికొచ్చి చదివి, నా వైపు చూడనైనా చూడకుండా, "ఇది మనకెందుకు," అంటూ 'లేదు' అని రాయడానికి పెన్ను ఆనించాడు.

"ఆగు నాయనా."

చెప్పాను. అమ్మ చేతిలో బీన్స్ ఆగింది. నాయన పెన్ను పైకెత్తి, "తాగినావా?" అన్నాడు.

"తాగినాను."

నాలుగు పేజీలూ ఇచ్చాను. కళ్లద్దాలు సర్దుకుని, ఆఫీసు ఫైలు చదివినట్టే, మొదటి నుంచి చివరిదాకా చదివాడు. తిట్లకు సిద్ధపడి కూర్చున్నాను. ఒకటి రెండు జవాబులు కూడా దాచుకున్నాను.

"ఆమెకేమైనాది?" అన్నాడు.

"గాయాల్లేవని రాసినారు నాయనా."

"రాసింది నాకూ కనపడతా ఉండాది. ఆమెకేమైనాదని అడగతా ఉండా."

"తెలీదు."

"మూడేండ్లలో ఒక్కసారన్నా పోయి అడిగినావా?"

"లేదు నాయనా."

ఆయన పన్నెండో కాలమ్‌లో 'అవును' అని రాశాడు. కేసు నెంబరు, కోర్టు, శిక్ష, అన్నీ చూసి చూసి, నా మార్కుల జాబితా రాసినప్పటిలాగే తప్పు లేకుండా ఎక్కించాడు. పదమూడో కాలమ్ చదవలేదు. పెన్నుకు మూత పెట్టాడు.

"చొక్కా తొడుక్కో. మిగతాది వచ్చినాక రాద్దాం."

చిత్తూరు బస్సులో కిటికీ పక్క సీటు నాకే ఇచ్చాడు. "నువ్వే చూసి చెప్పాల, ఆ చోటు నాకు తెలీదు గదా," అన్నాడు.

నాకూ తెలియదు. ప్రతి కాలువ దగ్గరా అదేనేమో అనిపిస్తోంది.