వరలక్ష్మి సైటుకు క్యాంపు చేసిన బోణీ

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, వానాకాలం మొదట్లో నన్ను హైదరాబాదు నుంచి రాయచూరుకు వేశారు. అంతకుముందు చాలా ఏళ్లు పత్రికల్లో, ప్రకటనల విభాగంలో పనిచేశాను. పత్రికలు సన్నబడి ప్రకటనలు ఫోన్లలోకి వెళ్లిపోయాక నేనూ వాటి వెంటే వెళ్లాను. కొత్త కొలువులో నా హోదా సీనియర్ ఖాతా సమీక్షకుడు. పేరు పెద్దదే కానీ కింద ఎవరూ లేరు, పైన మాత్రం ఒక మేనేజరు. రాయచూరు నా సొంత ఊరు, అక్కడ నడిచే మూడు భాషలూ వచ్చు. అందుకని పంపారు. జీతం పెంచలేదు.

వెబ్‌సైటులో ప్రకటనలు చూపించి సంపాదించాలంటే వాటిని ఇచ్చే కంపెనీ దగ్గర ఖాతా తెరవాలి. ఆ కంపెనీకి నియమాలు లెక్కలేనన్ని. తప్పితే ఖాతా మూసేస్తుంది, మూశాక దాదాపు ఎప్పటికీ తెరవదు. దరఖాస్తు పంపకముందే సైటును పరిశీలించి, ఖాతాకు ముప్పు తెచ్చే వాటిని తీయించడం మా సంస్థ వ్యాపారం. నేను చూసిన సైట్లలో సగానికి పైగా దొంగ సరుకే. పక్కవాడి వార్తలు ఎత్తిరాసేవాళ్లు, డబ్బిచ్చి ఉత్తుత్తి చూపరులను తెప్పించుకునేవాళ్లు, ప్రకటనను డౌన్‌లోడు బటన్‌లా కనిపించేట్టు పెట్టేవాళ్లు. ఈ పనిలో మనుషుల మీద నమ్మకం త్వరగా అరిగిపోతుంది.

రాయచూరు జిల్లాలో గిల్లేసూగూరు దాటాక తుంగభద్ర కాలువ కింద ఒక క్యాంపు ఉంది. గోదావరి వైపు నుంచి తాతల నాడు వచ్చి వరి వేసుకున్న రైతుల ఊళ్లను అక్కడ క్యాంపులంటారు. వరలక్ష్మి ఆ క్యాంపు కోడలు. రైసు మిల్లులో లెక్కలు రాసే ఉద్యోగం మానేసి సైటు పెట్టింది. ఏ తూముకు ఏ రోజు నీటి వంతు, వరికి ఏ తెగులు తగిలింది, మార్కెట్లో ధర ఎంత, అన్నీ తెలుగులోనూ కన్నడంలోనూ రాసేది. వాళ్ల పొలం కాలువ చివర, నీళ్లు వస్తే వచ్చినట్టు. అత్తమామలు ఒక ఏడాది గడువిచ్చారు. ఈలోగా సైటు నాలుగు రూపాయలు తేకపోతే మళ్లీ మిల్లుకే. ఆ సంగతి మా సంస్థకు వచ్చిన మొదటి రోజే చెప్పింది, దాచలేదు.

ఆమె సైటులో తప్పులు లేకపోలేదు. తెగుళ్ల ఫొటోలు ఎవరివో తెచ్చి పెట్టింది. తీయించాను. ఎండలో పొలం గట్ల వెంట తిరిగి సొంతంగా తీసుకొచ్చింది. ధరల పట్టిక తెరిచే బటన్‌కు ఆనుకుని ప్రకటనల చోటు ఉండేది, వేలు జారితే ప్రకటన మీద పడుతుంది. దూరం జరిపించాను. "మా ప్రకటనలను ఆదరించండి" అని పైన ఒక వాక్యం రాసుకుంది. అలా అడగడమే నేరమన్నాను. కొట్టువాడు గిరాకీని రమ్మని పిలవడా అని వాదించింది గానీ, తీసేసింది. నువ్వు, నీ భర్త, ఇంట్లో ఎవరూ ప్రకటనలు నొక్కరాదని ఒకటికి రెండుసార్లు చెప్పాను. అంత శ్రద్ధగా విన్న మనిషి నాకు అంతకుముందు తగల్లేదు. ఖాతా తొలి దరఖాస్తుకే వచ్చింది.

వారం తిరగకుండానే మూసేశారు. కారణం "చెల్లని క్లిక్కులు" అని ఒక్క ముక్క. నొక్కిన ప్రతిసారీ ప్రకటనదారు డబ్బు కడతాడు. కొనే ఉద్దేశం లేకుండా నొక్కితే అతని జేబు కొట్టినట్టే లెక్క. ఎవరు నొక్కారో కంపెనీ చెప్పదు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్ చేసి, "ఏందమ్మా గిట్ల చేసినవు? గంతగనం చెప్తి గదా!" అన్నాను. పిల్లల మీద ఒట్టేసి తాను నొక్కలేదంది. నమ్మక, మర్నాడు పొద్దున బస్సెక్కి వెళ్లాను.

క్యాంపులో నన్ను పెళ్లివారిలా చూశారు. కుర్చీ వేసి కాఫీ ఇచ్చారు. క్యాంపు పెద్ద వీర్రాజు గారు మీసం దువ్వుకుంటూ అసలు సంగతి తానే చెప్పారు. "మా వరలక్ష్మికి బోణీ మేమే చేశామండి. క్యాంపులో ఎవరు కొట్టు పెట్టినా ఇంటికొకరు బోణీ చెయ్యాలండి, అది మా పెద్దల నాటి కట్టు. సూది కొట్టయినా సరే, ఏదోటి కొనకుండా రాకూడదండి."

ఖాతా వచ్చిన మర్నాడు ఆమె బ్యాంకు పని మీద రాయచూరు వెళ్లిందట. సంతోషం పట్టలేక భర్త ఊళ్లో చెప్పాడు, ప్రకటన నొక్కితే డబ్బులొస్తాయని కూడా. నొక్కకూడనిది ఇంట్లోవాళ్లే అనుకున్నాడు. వీర్రాజు గారు మైకులో పిలిచారు. సెల్లు సిగ్నలు సరిగా అందదని అందరూ పాలకేంద్రం అరుగు మీద చేరి, అక్కడి వైఫైలో సైటు తెరిచి, వరసగా ప్రకటనలు నొక్కారు. ఒక్కటి నొక్కితే పిసినారితనంగా ఉంటుందని కొందరు కనిపించినవన్నీ నొక్కారు. ఒకే కనెక్షన్ నుంచి, ఒకే పూట, ఊరంతా. దొంగల ముఠా చేసినా అచ్చం ఇలాగే కనిపిస్తుంది.

వరలక్ష్మి అక్కడే గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె వినడమూ అదే మొదటిసారి. నేను నోరు తెరవబోతుంటే తల అడ్డంగా ఊపింది. తరువాత రోడ్డు దాకా సాగనంపుతూ, "వాళ్లకి చెప్పకండి సార్, తట్టుకోలేరు" అంది. ఆమెను అనుమానించి అన్న మాట గుర్తొచ్చి నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అప్పీలుకు ఒక్కటే అవకాశం. మేనేజరు ఫోన్లో, ఎవరో పోటీదారు కుట్ర చేశాడని రాసెయ్యమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. నిజమే రాశాను. బోణీ అన్న మాటను ఇంగ్లీషులో విడమరచడానికి ఒక పేజీ పట్టింది. చెవిటివాడి ముందు శంఖం ఊదడమే అయింది. కుదరదంటూ అందరికీ వచ్చే నాలుగు వాక్యాలే మాకూ వచ్చాయి, కింద మనిషి పేరు లేదు. ఆమె పేరు మీద ఇక ఖాతా రాదు. భర్త పేరు మీద అదే ఇంటి నుంచి తెరిచినా పోల్చుకుని మూసేస్తారు. ఎవరి దగ్గరకు వెళ్లి మొర పెట్టుకోవాలి? తలుపు కొడదామంటే ఆ కంపెనీకి మనకు అందే తలుపే లేదు. నా ఉద్యోగంలో అంత నిస్సహాయత మరెన్నడూ అనుభవించలేదు.

ఆ పంట ముగిసేదాకా సైటు నడిపి, ఆపేసింది. గడువు తీరకముందే మిల్లుకు వెళ్లిపోయింది. మా సంస్థతో ఆమె ఒప్పందం ముగించే కాగితాల మీద సంతకాలకు చివరిసారి నేను క్యాంపుకు వెళ్లినప్పుడు వీర్రాజు గారు ఎదురొచ్చారు. సైటు ఆగిపోయిందని ఆయనకు తెలుసు, ఎందుకో తెలియదు. గొంతు తగ్గించి అడిగారు.

"మా బోణీ చాల్లేదా అండి? ఇంకోసారి అందరం నొక్కమంటారా?"

పక్కనే ఉన్న వరలక్ష్మి, "చాలు బాబాయ్, మీరు బాగానే చేశారు" అంది. ఆయన తేలికపడి వెళ్లిపోయారు.

దీంతో నేను నేర్చుకున్నది ఒక్కటే. సైటు యజమాని చేయకూడనివి నేర్పి ఊరుకుంటే చాలదు. యంత్రానికి అభిమానమూ మోసమూ ఒకే తీరుగా కనిపిస్తాయి కనుక, ఆ మనిషి బాగు కోరేవాళ్లను కూడా దూరం పెట్టాలి. పదవీ విరమణ చేసేదాకా, ఖాతా వచ్చిన ప్రతివాళ్లకూ మొదటి సలహాగా అదే ఇచ్చాను: ఈ శుభవార్త ఎవరికీ చెప్పకండి.