తిరుగుటపా కథల సంఘం

పాకాల పోస్టుమాన్ మునిరామయ్య నా చేతిలో ఎనిమిదో కవరు పెట్టిన రోజు నాకు బాగా గుర్తుంది. 1977, ఆగస్టు నెల. నేను పాఠాలు చెప్పే బడి వదిలే వేళ. కవరు మీద ఉన్నది నా దస్తూరీయే. ఆ రోజుల్లో వారపత్రికకు కథ పంపితే, అచ్చు వేసుకోని పక్షంలో వెనక్కి పంపడానికి మన చిరునామా రాసి స్టాంపులు అంటించిన ఇంకో కవరు లోపల పెట్టాలి. దాన్నే తిరుగుటపా కవరు అనేవాళ్లం. నా కవర్లు ఏనాడూ దారి తప్పలేదు. అన్నీ క్షేమంగా ఇల్లు చేరాయి.

"సారూ, మీకోసరం లైబ్రరీలో ఒక నోటీసు ఉండాది. పోయి సూసుకోండి" అన్నాడు మునిరామయ్య, సైకిలు దిగకుండానే.

"నాకోసమా? తీసుకున్న పుస్తకాలన్నీ ఇచ్చేసినానే!"

"మీ పేరు లేదులే. అయినా మీకోసరమే."

స్టేషను నుంచి ఊళ్లోకి వచ్చే దారిలో రెండు గదుల పెంకుటిల్లు మా శాఖా గ్రంథాలయం. గోడకు తగిలించిన నల్లబల్ల మీద గుండ్రటి అక్షరాలతో సుద్దముక్కతో రాసి ఉంది: "తిరిగివచ్చిన కథలు ఉన్నవారు ఆదివారం పదకొండున్నరకు రండి. కథ తిరిగిరానివారికి ప్రవేశం లేదు."

అది వకుళాదేవిగారి రాత. ఆమె మా ఊరికి గ్రంథపాలకురాలిగా వచ్చి అప్పటికి ఏడాది. నలభై దాటిన మనిషి. సన్నగా ఉంటారు కానీ నవ్వితే వీధిలోకి వినబడుతుంది. ఆమె నాన్నగారు తిరుపతి గోవిందరాజస్వామి గుళ్లో పాశురాలు చదివే గోష్ఠిలో ఉండేవారట. చిన్నప్పటి నుంచీ ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి పైకి చదువుతూనే ఉండేవాళ్లని చెప్పేవారు. భర్త కృష్ణస్వామిగారు తిరుపతిలోనే ఆఫీసు గుమాస్తా. అందుకని ఆమె రోజూ పాసింజరు బండిలో పాకాలకు వచ్చిపోయేవారు. బండి ఆలస్యమైతే అందరూ విసుక్కునేవారు, ఆమె మాత్రం ఇంకో ఇరవై పేజీలు అయినాయని సంతోషపడేవారు.

గ్రంథాలయం పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా, మళ్లీ నాలుగు నుంచి ఏడు దాకా. నడుమ అయిదు గంటలు ఆమె ఎక్కడికీ పోయేది లేదు. తలుపు ఓరగా మూసి, క్యారియరు విప్పుకుని, చదువుకుంటూ కూర్చునేవారు. మునిరామయ్య కూడా అన్నం తినడానికి ఆ నీడకే వచ్చేవాడు. ఒకనాడు మాటల్లో అన్నాడట: "ఈ ఊర్లో కొందరికి బరువు కవర్లు వస్తాయమ్మా. పోయిన బరువుతోనే తిరిగొస్తాయి. ఇచ్చేటప్పుడు వాళ్ల మొగాలు సూడలేను."

ఎవరని ఆమె అడిగారు.

"అది చెప్పగూడదమ్మా. ఎవరి ఉత్తరం వాళ్ల సొంతం."

ఆ జవాబు ఆమెకు ఎంతో నచ్చింది. మళ్లీ అడగలేదు. లేచి సుద్దముక్క తీసుకున్నారు.

ఆదివారం నేను భయపడుతూనే వెళ్లాను. నా కంటే ముందు గోవిందు వచ్చి ఉన్నాడు. రైల్వే లోకో షెడ్డులో బొగ్గు ఎత్తే మనిషి. ఎంత తోముకున్నా గోళ్లలో నలుపు పోదు. ఇంజన్ల దగ్గర చాలాసార్లు చూశాను కానీ అతనూ కథలు రాస్తాడని కలలో కూడా అనుకోలేదు. అతనూ నన్ను చూసి అట్లాగే ఆశ్చర్యపోయాడు. "సారూ, మీవీ తిరిగొస్తాయా!" అన్నాడు, ప్రాణం లేచి వచ్చినట్టు.

మూడో మనిషి గడప దగ్గరే ఆగిపోయింది. దామలచెరువు దారిలోని పల్లె నుంచి వచ్చిన చంద్రకాంతమ్మ. చెరకు వేసే కుటుంబం. చేతి సంచిలో చిక్కుడుకాయల కింద ఒక నోటుపుస్తకం.

"అమ్మా, నాది తిరిగి రాలేదు. అసలు పంపనే లేదు. రావచ్చునా?"

వకుళాదేవిగారు నల్లబల్ల వైపు చూశారు, ఆమె వైపు చూశారు. "రూలు రాసింది నేనే. నేనే తప్పితే ఎట్లా? పంపించు, తిరిగొచ్చినాక లోపలికి రా. ఈ పూటకు గడప మీద కూర్చో."

చంద్రకాంతమ్మ గడప మీద కూర్చుంది. అక్కడి నుంచి ఒక్క మాట కూడా పోనియ్యకుండా విన్నది.

వకుళాదేవిగారి పద్ధతి ఒక్కటే. ఎవరి కథ వాళ్లు చదవకూడదు. ఒకరిది ఇంకొకరు పైకి చదవాలి, రాసినవాళ్లు నోరు మూసుకుని వినాలి. చదివేవాళ్ల నాలుక ఎక్కడ తడబడితే అక్కడ ఆమె పెన్సిలుతో చిన్న గీత పెట్టేవారు.

గోవిందు నా కథ చదివాడు. కాశ్మీరు లోయలో ప్రేమకథ అది. రెండు పేజీలు చదివి ఆగిపోయాడు.

"సారూ, మీరు కాశ్మీరు పోయినారా?"

నేను కాట్పాడి దాటి ఎరుగను. లేదన్నాను.

"నేనూ పోలేదు. మనిద్దరికీ తెలీని ఊరికి ఈ అమ్మను ఎందుకు పిలుచుకోని పోవాల?"

వకుళాదేవిగారు పదకొండు గీతలున్న నా కాగితాలు తిరిగి ఇస్తూ, "ఇవి తప్పులు కావప్పా. నువ్వు నమ్మకుండా రాసిన తావులు. చదివేవాడి నాలుకకు ఇట్టే తెలిసిపోతుంది" అన్నారు.

తర్వాత గోవిందు కథ నేను చదివాను. వెన్నెల, హంసలు, విరహం. ఆమె చివరి దాకా విని అడిగారు: "గోవిందూ, నీ కథలో బొగ్గు యాడ?"

"బొగ్గు గురించి ఎవరు సదువుతారమ్మా?"

"నేను చదువుతాను."

ఆ మాట గోవిందుకు అంతకు ముందు ఎవరూ చెప్పలేదు.

చంద్రకాంతమ్మ నోటుపుస్తకాన్ని వకుళాదేవిగారు ఇంటికి తీసుకుపోయి చదివారు. ఒక్క అక్షరం మార్చలేదు. కాగితానికి ఒకవైపే రాయాలి, అంచు వదలాలి అని చెప్పి, పత్రిక చిరునామా ఇచ్చి, "తిరుగుటపా కవరు మర్చిపోవద్దు. అదే నీ టికెట్టు" అని పంపించారు. ఆ కథ బెల్లం వండే రోజుది. మూడేళ్లుగా మాటల్లేని అత్తాకోడళ్లు. పాకం దించే అదను అత్తకు తెలుసు, కానీ ఆమె కంటికి పొర కమ్మింది. కోడలికి కళ్లున్నాయి కానీ అదను తెలియదు. బెల్లం చెడకుండా ఉండాలంటే ఇద్దరూ నోరు విప్పక తప్పదు.

అయిదారు వారాలు గడిచాయి. చంద్రకాంతమ్మ ప్రతి ఆదివారమూ వచ్చి గడప మీదే కూర్చునేది. ఒక ఆదివారం వచ్చి, కూర్చోకుండా నిలబడింది. మొహం చిన్నబోయి ఉంది.

"అక్కా, నా కథ తిరిగి రాలేదు. వాళ్లే పెట్టుకున్నారంట. కార్డు వచ్చింది. ఇంక నన్నెప్పటికీ లోపలికి రానియ్యరా?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వకుళాదేవిగారు నవ్వడం మొదలుపెట్టారు. కళ్లద్దాలు తీసి పైటతో కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. ఆ నవ్వుకు వీధిలో పోయేవాళ్లు తొంగిచూశారు. లేచి వెళ్లి నల్లబల్ల మీది రెండో వాక్యం అరచేత్తో తుడిచేశారు. చంద్రకాంతమ్మ చెయ్యి పట్టి లోపలికి తెచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టారు.

నాకు కడుపులో కాస్త మంట పుట్టిన మాట నిజం. నావి అప్పటికి తొమ్మిది తిరిగొచ్చాయి. ఆ మంటతోనే ఇంటికి పోయి మా బడి వంటామె సిద్ధమ్మ మీద ఒక కథ రాశాను. ఉప్మా గరిటెడు తక్కువైన రోజు ఆమె తన వంతు పిల్లల పళ్లాల్లోకి ఎట్లా మాయం చేస్తుందో నేను రోజూ చూసేదే. మరుసటి నెల చంద్రకాంతమ్మ దాన్ని చదివింది. ఎక్కడా తడబడలేదు. పెన్సిలు బల్ల మీదే ఉండిపోయింది. 1978 వేసవిలో ఆ కథ అచ్చయింది. గోవిందు బొగ్గు కథ రెండుసార్లు తిరిగొచ్చి, మూడో పత్రికలో నిలబడింది. ఆ సంచికను లోకో షెడ్డులో ఒకరి చేతి నుంచి ఇంకొకరు తీసుకుని చదివారు. ప్రతి పేజీ మీదా నల్లటి వేలిముద్రలే. గోవిందు సిగ్గుపడి శుభ్రమైన ప్రతి ఇంకొకటి తెస్తానంటే వకుళాదేవిగారు ఒప్పుకోలేదు. "ఇంతమంది చదివినట్టు సాక్ష్యం ఏ పుస్తకానికి ఉంది?" అని దాన్నే బీరువాలో పెట్టారు.

"మీరెందుకు రాయరమ్మా?" అని ఒకసారి అడిగాను.

"నాకు రాయడం రాదు దొరస్వామీ. ఎప్పుడూ రాయాలనిపించలేదు కూడా. చదవడం వచ్చు. అదేమన్నా తక్కువ పనా?"

అంత సంతోషంగా చెప్పారు కాబట్టి నేను మళ్లీ అడగలేదు.

మూడేళ్లకు మేము పదిమందిమి అయ్యాం. అప్పుడు ఆమెకు ఇంకో ఆలోచన వచ్చింది. పాకాలలోనే ఇంతమంది ఉంటే సత్యవేడులో ఉండరా, నాయుడుపేటలో ఉండరా? తనకు తెలిసిన గ్రంథాలయాలన్నిటికీ కార్డులు రాశారు. 1980 డిసెంబరులో తిరుపతిలో, కృష్ణస్వామిగారి బంధువుల సత్రంలో, మూడు రోజుల కథా శిబిరం. ముప్పై ఒక్కమంది వచ్చారు. సంచుల్లో బట్టల కంటే తిరుగుటపా కవర్లే ఎక్కువ. పత్రికల వాళ్లు తిప్పి పంపే కథతో పాటు పెట్టే 'విచారిస్తున్నాం' చీటీలను పక్కపక్కన పెట్టి చూసుకుని, అందరివీ ఒకే మాటలని తెలిసి పడీపడీ నవ్వుకున్నారు.

సరిగ్గా ఆ నవ్వుల మధ్యలోకి వేంకటాచలపతిగారు అడుగుపెట్టారు. వకుళాదేవిగారు పిలిస్తే వచ్చిన ఆయన మద్రాసులో ఒక వారపత్రిక సబ్ ఎడిటరు. ఆ చీటీల్లో సగం మీద ఉన్నది ఆయన సంతకమే. ముప్పై ఒక్కమంది ఒక్కసారిగా తలలెత్తి చూసేసరికి ఆయన గుమ్మంలోనే చెప్పులు విడిచి, మళ్లీ తొడుక్కున్నారు.

సత్యవేడు నుంచి వచ్చిన కుట్టు టీచరు దేవకమ్మ ముందుగా లేచింది. "సార్, మా కథలు సదివి తిప్పి పంపుతా ఉండారా, సదవకుండానా?"

"మొదటి పేజీ తప్పకుండా చదువుతానమ్మా. రెండో పేజీకి నన్ను తీసుకుపోయే పని మీది."

"అట్లనా! నేను ఆరో పేజీ దాకా ఏమీ జరగనియ్యనే!" అని దేవకమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. ఆ నవ్వుతో ఆయన బెరుకు తీరిపోయింది. ఆ తర్వాత మూడు రోజులూ ఆయన ఎవరు పిలిస్తే వాళ్ల పక్కన చాప మీద కూర్చున్నారు.

భోజనాల పని కృష్ణస్వామిగారిది. జన్మలో ఒక కథ చదివి ఎరగని మనిషి. రెండో రోజు మధ్యాహ్నం పులిహోర వడ్డిస్తూ గోవిందు ఆకు ముందు ఆగిపోయారు. "ఏమప్పా, పొద్దున నీ కథ సగంలో ఉన్నప్పుడు నాకు పోపు మాడింది, పరిగెత్తినాను. ఆ ఇంజను కదిలిందా లేదా?"

"కదిలింది స్వామీ."

"హమ్మయ్య" అని ఇంకో గరిటె వేశారు.

మూడో రోజు సాయంత్రం ముగింపు మాటలు చెప్పమంటే వేంకటాచలపతిగారు లేచారు. చేతిసంచి తెరిచి ఒక కవరు బయటికి తీశారు. దాని మీద ఆయన చిరునామా, ఆయన దస్తూరీ.

"ఇది నా కథ. వేరే పత్రికకు పంపాను. పోయిన వారం తిరిగొచ్చింది. నేను ఎడిటరునని తెలిస్తే మొహమాటానికి వేస్తారని మారుపేరుతో పంపాను. మొహమాటం లేకపోతే ఏమవుతుందో తెలిసింది. మీరు ఎవరైనా పైకి చదువుతారా?"

సత్రం అంతా చప్పట్లు. వకుళాదేవిగారు ముందుకు వచ్చి, "ఇంతకాలం మీరు మా మనిషని చెప్పనే లేదే!" అన్నారు. కథ చంద్రకాంతమ్మ చదివింది. మూడు చోట్ల ఆగింది. అన్ని చోట్లా ఆయనే తల పట్టుకుని, "అవును, అవును, అక్కడ నాకే నమ్మకం లేదు" అన్నారు. వెలుతురు తగ్గేదాకా ఆ మూడు చోట్ల గురించి ముప్పై ఒక్కమందిమీ వాదించుకున్నాం. తనకు జీతమిచ్చే పత్రికలో కూడా తన రాత గురించి ఇంత శ్రద్ధగా ఎవరూ మాట్లాడలేదని ఆయన వెళ్లేటప్పుడు చెప్పారు.

ఆ శిబిరం తర్వాత సత్యవేడులో దేవకమ్మ, మదనపల్లెలో ఇంకెవరో, తమ తమ గ్రంథాలయాల్లో ఆదివారాలు మొదలుపెట్టారు. 1984లో చంద్రకాంతమ్మ కథలు పుస్తకంగా వచ్చాయి. పుస్తకం పాకాల గ్రంథాలయానికి చేరిన రోజు వకుళాదేవిగారు చేతులు కడుక్కుని, అట్ట మీద చీటీ అంటించి, నంబరు వేసి, కథల వరసలో పెట్టారు. చంద్రకాంతమ్మ ఆ వరస ముందు నిలబడి, "అక్కా, నా పక్కన ఎంత పెద్దపెద్దోళ్లు ఉండారో సూడు! ఒకరైనా జరిగి చోటిచ్చినారా?" అంది. "ఇచ్చినారు కాబట్టే పట్టింది" అన్నారు వకుళాదేవిగారు.

మరుసటేడు ఆమెకు చిత్తూరు బదిలీ అయింది. మేము దిగులుపడుతుంటే ఆమె కొత్త ఊళ్లో పుస్తకాలు ఎన్ని ఉన్నాయో అని ఆరాటపడుతూ బండెక్కారు. మూడు వారాలకు నాకు కార్డు వచ్చింది.

"ఇక్కడ తొమ్మిదిమంది దొరికారు. ఒకాయన కోర్టు ప్లీడరు. రోజంతా వాదిస్తాడు, ఆయన కథలో మాత్రం ఒక్కరూ నోరు విప్పరు! ఇంకొకామె వయసు అరవై ఎనిమిది, నిన్ననే మొదటి కథ ముగించింది. వచ్చే ఆదివారం మీరు ముగ్గురూ రండి. అన్నం నేను తెస్తాను."

గోవిందు డ్యూటీ మార్చుకున్నాడు. చంద్రకాంతమ్మ అచ్చుబెల్లం మూట కట్టుకుని వచ్చింది. మొదటి బండికే వెళ్లాం.