ప్రార్థనలో తమ్ముడి టోపీ

నాన్న ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మధ్యాహ్నం క్యారియరు విప్పే ముందు తలమీది పసుపు హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. పైన కన్వేయర్ బెల్టు మీద రాళ్ళు పోతున్నా సరే. ప్రార్థనలో ఆడవాళ్ళం కొంగు కప్పుకోవాలి, మగవాళ్ళ తల మీద ఏదీ ఉండకూడదు. మా క్రైస్తవ సంఘంలో అదే పద్ధతి.

తమ్ముడు మిలటరీలో చేరి మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు ఇంట్లో టోపీల ముచ్చట్లే.

"ఫొటోలో ఆ పక్కకు వాలిన బెరె టోపీలో శానా బాగుండావురా" అన్నాను.

"ఫొటోకు బాగుంటాదిలే అక్కా. ఎండకు అంచు లేదు, వానకు తడిస్తే నెత్తిన దుప్పటే. అడవిలో గుడ్డ టోపీ మేలు, చుట్టూ అంచు ఉంటాది. తూటాకు అదీ గుడ్డే అనుకో. ముందూ వెనకా ఇనప రేకు పెట్టి కట్టే పట్కా ఒకటుండాది. నడినెత్తి మాత్రం దేవునికి వదిలేసినారు."

"మరి హెల్మెట్?" అన్నాడు నాన్న.

"తలంతా కప్పుతాది నాయనా. పొద్దుగూకేసరికి మెడ ఇరిగిపోతాది. చలికి దాని కింద ఉన్ని టోపీ ఏసుకుంటే చెవులు పనిచెయ్యవు."

"ప్రార్థనకు తీస్తాండావా?"

"తీస్తాండా. నెత్తి ఆరబెట్టుకుంటాండావా అని పక్కనోడు నవ్వుతాడు."

నాన్న ముఖం వెలిగింది.

మరుసటి ఏడు కొండల్లో ఒక పోస్టు దగ్గర తమ్ముడు అన్నం ముందు హెల్మెట్ తీసి తల వంచాడు. అప్పుడే ఫిరంగి షెల్లు పడింది. ఆ నవ్వే పక్కనోడే ఫోన్ చేసి ఏడుస్తూ చెప్పాడు. తన తలమీదున్న హెల్మెట్ సొట్టపోయిందట. తమ్ముడిది గీత పడకుండా పళ్ళెం పక్కనే ఉందట.

తమ్ముడు బతికాడు. ఎడమ కణత పైన ఎముక తీసేశారు. అక్కడ చర్మం లోపలికి దిగి, గుండెలాగా కొట్టుకుంటుంది. లోపల మెత్తలు కుట్టిన టోపీ ఇచ్చి, కూర్చున్నా నడిచినా తీయొద్దన్నాడు కర్నూలు డాక్టరు.

ఇంటికి వచ్చాక మొదటి ఆదివారం మా ప్రార్థన గుడికి తీసుకెళ్ళాం. సంగతి ఊరంతటికీ తెలుసు. అయినా సంఘపెద్ద బల్ల దగ్గర నుంచి వచ్చి వంగి అన్నాడు.

"టోపీ తీయప్పా. కొంచేపే కదా."

"ఒకసారి తీసినా కదప్పా" అన్నాడు తమ్ముడు.

"నా మాట కాదప్పా, పద్ధతి" అన్నాడు పెద్దాయన, నేల చూస్తూ. తమ్ముడు వెళ్ళిపోవడానికి బెంచీ పట్టుకుని లేవబోయాడు. వాడికి దేవుని ఇల్లు అదొక్కటే.

ముందు వరసలో ఉన్న నాన్న వచ్చి వాణ్ణి కూర్చోబెట్టాడు. ఆ టోపీ మీద అరచెయ్యి పెట్టాడు.

"తీయొద్దు. నేను నేర్పిందే చేసినావు, ఇంగ చాలు." తర్వాత పెద్దాయనతో, "ప్రార్థన చెయ్యప్పా" అన్నాడు.

ఆయన మొదలుపెట్టాడు. నేను కొంగు కప్పుకున్నాను. దేవుడు వింటాడన్న నమ్మకం నాకు అప్పుడూ పోలేదు, ఇప్పుడూ పోలేదు. కానీ ఆ రోజు కళ్ళు మూయలేకపోయాను. టోపీ మీద నుంచి నాన్న చెయ్యి తీయలేదు. ఆమెన్ అన్నప్పుడు తమ్ముడి గొంతు వినిపించింది. నాన్నది వినిపించలేదు.