చప్పుడు పోయిన బండి

నిన్న బుక్కరాయసముద్రంలో ఒక కరెంటు ఆటో చడీచప్పుడు లేకుండా నా పక్కనుంచి పోయింది. నాకు వెంటనే దాని మీద అనుమానం వచ్చింది.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. డీజిల్ ట్రాలీ ఊరి బయట ఉండగానే మన ఇంటి గొళ్లేలు అదిరేవి కదా! మా నాయనకూ అలాంటి బండే ఉండేది; దాని చప్పుడు వినపడ్డాకే అమ్మ సంగటి కెలికేది.

ఒక రోజు నాయన అనంతపురం షెడ్డులో ఆ బండికి పాత పెట్రోలు కారు ఇంజను ఎక్కించుకొని వచ్చాడు. వాకిట్లో ఆగేదాకా మాకు తెలియలేదు.

"చూడు, ఎంత మెత్తగా పోతాండాదో!" అన్నాడు.

అమ్మ బండి చుట్టూ ఒకసారి తిరిగింది. "ఎవరికీ వినపడకుండా యాడికి పోవల్లని?"

నాయన నవ్వాడు. అమ్మ నవ్వలేదు. అప్పటికే మా చేనిలో నాలుగు బోర్లు ఎండిపోయాయి. ఐదోది వేయనని నాయన నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

వారం తిరక్కముందే అమ్మ బండి సీటు కింద వెతికి ఒక టెంకాయ తీసింది.

"ఇది యా దేవునికి?"

"గుడికే లే" అన్నాడు నాయన, ఎటో చూస్తూ.

అది గుడికి పోయే కాయ కాదు. పిలక కూడా లేకుండా పీచంతా వలిచి, నున్నగా ఉంది. అరచేతిలో పడుకోబెట్టుకొని చేనంతా తిరిగితే, నీళ్లున్న చోట లేచి నిలబడుతుందని నమ్మే కాయ అది.

అమ్మ నన్ను రెక్క పట్టుకొని నాయన ముందర నిలబెట్టింది.

"పెట్టు చెయ్యి. గుడికేనని చెప్పు."

నాయన చెయ్యి లేవలేదు.