తొంభై ఆరు బొగ్గు గీతలు

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. అదీ పొదుపు సంఘంలో చేరాక నేర్చుకున్నదే. అందుకని ఇదంతా నోటితో చెప్పి రాయిస్తున్నాను. రాసేటప్పుడు ఎక్కడా మెత్తగా చేయొద్దని కూడా ముందే చెప్పాను.

మా ఇంటి లెక్క గోడ మీద ఉండేది. వంటింటి తలుపు తెరిస్తే దాని వెనక పడే గోడ. చుట్టాలు వచ్చినా కనిపించదు. వరసగా రెండేళ్లు మాకు మిరప పోయింది. మొదటి ఏడు తామర పురుగు పూతంతా తినేసింది, రెండో ఏడు బొబ్బర తెగులు వచ్చి ఆకు దొప్పల్లాగా ముడుచుకుపోయింది. పురుగుమందుల కొట్లో అప్పు పేరుకుంది. అది చాలదన్నట్టు, మా అమ్మ పసుపుకుంకుమ కింద నాకిచ్చిన ఎకరం పొలాన్ని రెండు లక్షలకు భోగ్యానికి పెట్టాం. ఆ డబ్బు తిరిగి కట్టేదాకా పొలం వాళ్లదే, పంటా వాళ్లదే. మా ఊరి నుంచి మాచవరం వెళ్లే బస్సులో కుడివైపు కూర్చుంటే ఆ ఎకరం కనిపిస్తుంది. నేను ఎడమవైపు కూర్చునేదాన్ని.

మూడో ఏడు మా ఆయన వాటా ఎకరంన్నరలో పంట నిలబడింది. కాయ ఎర్రగా, గట్టిగా వచ్చింది. నలభై రెండు టిక్కీలు తొక్కాం. టిక్కీలంటే మిరపకాయల బస్తాలు. తీరా కల్లం ఎత్తే నాటికి ధర పడిపోయింది. అప్పుడు కూర్చున్నాం ఇద్దరం. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో డబ్బు గురించి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం అదే మొదలు. అంతకు ముందు డబ్బు సంగతి ఎత్తితే ఆయన లేచి తువ్వాలు భుజాన వేసుకునేవాడు.

"ఏమయ్యా, ఎవురికెంత ఇయ్యాలో అంతా చెప్పు. ఒక్కటి కూడా దాచొద్దు," అన్నాను.

"మందుల కొట్టుకి తొంభై ఆరు వేలు. నీ పొలం మీద రెండు లక్షలు. ఇంకేం లేదే."

ఆ రోజు ఆయన చెప్పింది నిజమే. అది కూడా చెప్పాలి. అబద్ధం ఆ తర్వాత మొదలైంది.

పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి వెయ్యికి ఒక గీత చొప్పున తొంభై ఆరు గీతలు గీశాను. ఆయన చూసి నవ్వాడు. "పాలోళ్ల లెక్క లాగుందే," అన్నాడు. "పాలోళ్లు ఎవురూ మునగలా. మునిగింది మనమే," అన్నాను. దానికి కూడా నవ్వాడు. ఆ పూట మూడు మాటలు అనుకున్నాం. మందుల కొట్టు అప్పు ఇద్దరి కూలి డబ్బుతోనే తీర్చాలి. టిక్కీలు ముట్టుకోకూడదు, ధర వచ్చాక అమ్మి నా ఎకరం విడిపించాలి. కొత్తగా ఎవరి పొలమూ కౌలుకు పట్టకూడదు.

మూడో మాట దగ్గర ఆయన చెయ్యి తువ్వాలు మీదికి పోయింది. మిరప వేసినవాడి సంగతి నాకు తెలియంది కాదు. రెండేళ్లు పోగొట్టుకున్నవాడు మూడో ఏడు తగ్గించి వేయడు, రెండింతలు వేస్తాడు. ఒక్క కాపు తగిలితే అంతా తీరిపోతుందంటాడు. మా ఊళ్లో సగం పొలాలు చేతులు మారింది అలాగే. అందుకే గట్టిగా అడిగాను. చివరికి "సరేలేవే, పట్టన్లే," అన్నాడు.

టిక్కీలు నరసరావుపేటలో ఏసీలో పెట్టాం. కోల్డు స్టోరేజీని మేం ఏసీ అనే అంటాం. ట్రాక్టరు మీద సరుకుతో పాటు నేనూ వెళ్లాను. నలభై రెండూ లోపలికి పోయేదాకా వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. లోపల్నించి వచ్చే చల్లగాలికి మిరప ఘాటు కూడా చల్లగా తగిలింది. అది చూపిస్తేనే సరుకు బయటికి తీస్తామని వాళ్లు గులాబీ రంగు బాండు కాయితం ఇచ్చారు. ఇంటికి తెచ్చి ట్రంకుపెట్టెలో చీరల కింద పెట్టాను.

పది రోజులు కాలేదు, ఆయనే అడిగాడు ఆ బాండు, లామినేషన్ చేయించుకొస్తానని. వెనకటికి మా ఇంట్లో ఎలుకలు బ్యాంకు పాసుబుక్కు కొరికేశాయి. అప్పట్నించి రేషన్ కార్డుకీ ఆధార్‌కీ అన్నిటికీ లామినేషన్ చేయించడం నాకు అలవాటు. ఆయన దాన్ని ఎగతాళి చేసేవాడు. "నన్ను కూడా చేయించవే లామినేషన్, పాడవకుండా ఉంటా," అనేవాడు. అలాంటి మనిషి తనంతట తానే అడిగేసరికి, పోనీలే, ఇన్నాళ్లకు కాయితం విలువ తెలిసిందనుకున్నాను. పెట్టె తీసి నా చేత్తో నేనే ఇచ్చాను. సాయంత్రానికి తెచ్చాడు. గులాబీ రంగు మీద ప్లాస్టిక్ తళతళలాడుతోంది.

"ఇంక నీళ్లల్లో పడ్డా చెడదు," అన్నాడు.

నేను దాన్ని పవిటతో తుడిచి మళ్లీ చీరల కింద పెట్టాను. తలుచుకుంటే ఇప్పటికీ నా అరచేతులు మండుతాయి.

ఆ తర్వాత ఆయన ఈపూరు వైపు ఒక పెద్ద రైతు దగ్గర ట్రాక్టరు తోలే పని దొరికిందన్నాడు. వారంలో నాలుగు రోజులు అక్కడే ఉండి, శనివారం ఇంటికి వచ్చేవాడు. వస్తూనే కాళ్లు కడుక్కుని మూడు వేలు నా చేతిలో పెట్టేవాడు. అన్నీ ఐదొందల కాయితాలు. నేను తడిగుడ్డ తెచ్చేదాన్ని. ఆయన మూడు గీతలు తుడిచేవాడు. నా కూలి డబ్బు వెయ్యి పోగైనప్పుడల్లా నేనొక గీత తుడిచేదాన్ని. సోమవారం ఆ డబ్బు మందుల కొట్లో కట్టి చీటీ తెచ్చుకునేవాళ్లం. శనివారం మాత్రం ఆయనకు కోడిగుడ్డు పొరటు చేసేదాన్ని. ఒక్క గుడ్డు. అదీ ఆయనకే. కష్టపడి వచ్చాడు గదా అని.

ఆ ఆరు నెలలు నేను సంతోషంగా ఉన్నాను. ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. చీర కొనలేదు, పంటి నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్లలేదు, గేదెను అమ్మేశాక బయట పాలు కూడా పోయించుకోలేదు. అయినా సంతోషమే. కలుపుకు వెళ్లిన చోటల్లా గొప్పలు చెప్పాను. మొగుడూ పెళ్లాం దాపరికం లేకుండా ఉంటే అప్పు ఎంతసేపు అన్నాను. ఒకామె తన మొగుడికి బుద్ధి చెప్పమని మా ఆయన దగ్గరికి పంపిస్తానంది కూడా.

ఒక్కటే నాకు తగిలింది. ఆయన చొక్కా పురుగుమందు వాసన వేసేది. ట్రాక్టరు తోలేవాడికి మందు వాసన ఏందని అడిగాను. స్ప్రే ట్యాంకీ కూడా తానే లాగుతున్నానన్నాడు. నమ్మాను. రెండుసార్లు ఉతికాను.

ఆఖరి గీత రోజు ఆయన గుడ్డ పట్టుకోలేదు. "నువ్వే తుడువు," అన్నాడు. నేను తుడిచాను. గోడ మీద అక్కడంతా పలకలాగా బూడిదరంగు మరక మిగిలింది. ఆయన దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. అలసిపోయాడనుకున్నాను.

సరిగ్గా పదిహేను రోజులకు పొద్దున్నే పళ్లు తోముకుంటూ ఛాతీ పట్టుకుని అరుగు మీద కూర్చుండిపోయాడు. నరసరావుపేట ఆసుపత్రికి చేరేలోపే ఆటోలో నా ఒళ్లోనే పోయాడు. దానికి ముందు వారం ఈపూరు నుంచి వచ్చాక అన్నం సరిగ్గా తినలేదు. ఎందుకో నాకు అప్పుడు తెలియదు.

పెద్దకర్మకు ఇల్లంతా సున్నం వేయిద్దామన్నారు మా వాళ్లు. ఆ ఒక్క గోడ మాత్రం వద్దన్నాను. అది మా ఇద్దరి కష్టం, దాని మీద సున్నం పడొద్దన్నాను.

కర్మలయ్యాక బాండు తీసుకుని ఒక్కదాన్నే ఏసీకి వెళ్లాను. ధర పెద్దగా రాలేదు గానీ కొత్త కాయ వస్తే ఇంకా పడుతుందన్నారు. అమ్మి నా ఎకరం విడిపించుకుంటే ఎలాగో బతకొచ్చనుకున్నాను. ఆ ఎకరం తప్ప నాకు ఇంకేం ఉంది? ఆయన వాటా ఎకరంన్నర అన్నదమ్ముల ఉమ్మడి పట్టాలోది, అది తేలేదెప్పుడో. గుమస్తా నా తమ్ముడి ఈడువాడు. బాండు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"అక్కా, బాండుకి ఎవురన్నా లామినేషన్ చేయిస్తారా? సరుకు తీసేటప్పుడు మేం దీని ఎనకాల రాయాల, సీలెయ్యాల. ఇది కలర్ జిరాక్స్."

వెనక్కి తిప్పి చూపించాడు. తెల్లగా ఉంది. ఇన్ని నెలలూ నేను దాన్ని వెనక్కి తిప్పి చూడనేలేదు. చూసినా నాకేం తెలుస్తుంది?

అసలు బాండు బ్యాంకులో ఉందట. దాని మీద లక్షన్నర లోను తీసుకున్నాడట. ఎప్పుడో అడిగితే నెల చెప్పాడు. లామినేషన్ చేయించిన నెలే. ఈపూరులో రెండెకరాలు కౌలుకు పట్టాను, పెట్టుబడికి కావాలని చెప్పాడట. గుమస్తా ఇంకో మాట కూడా అన్నాడు. "ఇంట్లో తెలుసా అన్నా అని అడిగానక్కా. తెలుసన్నాడు. నీకు తెలుసు గదా?"

"తెలుసు," అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. పరాయి మగవాడి ముందు, మొగుడు కళ్లుగప్పిన ఆడదానిలాగా నిలబడలేకపోయాను. ఆ క్షణంలో కూడా ఆయన పరువే కాపాడాను.

అక్కడి నుంచే బస్సెక్కి ఈపూరు వెళ్లాను. అడుగుతూ పోతే పొలం దొరికింది. పొలం గల ఆమె నాకంటే పదేళ్లు పెద్దది. నేనెవరో చెప్పగానే మంచినీళ్లిచ్చి చేను చూపించింది. మోకాలెత్తు మొక్కలు. ఆకులన్నీ దొప్పలు. మళ్లీ బొబ్బర. గట్టు మీద చిన్న పాక, అందులో ఆయన పాత లుంగీ, నేను వెతికి వెతికి పోయిందనుకున్న నా సత్తు గిన్నె.

"కార్తీకం ఎల్లేసరికి చేనంతా పోయిందమ్మా," అంది ఆమె. "కౌలు సగం ఇంకా రావాల. నిన్ను చూశాక అడగబుద్ది గాటల్లా. మంచోడే. నీ గురించి చానా చెప్పేవాడు, మా ఆడది గోడ మీద లెక్క రాసిద్ది, పైసా పోదు అని. శనారం పోయేటప్పుడు మూడేలు ఇడిగా తీసి పై జేబులో పెట్టుకునేవాడు. ఏందయ్యా అంటే, ఇంటికి జీతం తీసకపోవాల అనేవాడు. నేను నవ్వేదాన్ని."

నేను ఆ గట్టు మీదే కూర్చున్నాను. చదువు రాకపోయినా లెక్క నాకు తొందరగా తెలుస్తుంది. ఇరవై నాలుగు శనివారాలు. డెబ్బై రెండు గీతలు. ఆయన ట్రాక్టరు తోలి తెచ్చిన జీతం కాదది, ఏసీలో ఉన్న నా మిరపకాయలు. నా ఎకరం డబ్బును వారానికింత నా చేతికే ఇచ్చి, నా చేతనే గుడ్డు పొరటు వేయించుకున్నాడు. ఆ గోడ మీద నిజంగా కష్టంతో చెరిగినవి నావి ఇరవై నాలుగు.

సరుకు అమ్మితే బ్యాంకు లోను, దాని వడ్డీ, ఏసీ అద్దె పోను చేతికి ఇరవై ఏడు వేలు వచ్చింది. అందులోంచి ఈపూరు ఆమెకు కౌలు బాకీ కింద పది వేలు పంపాను. ఆమె అడగలేదు. అయినా ఆమె పొలం ఖాళీగా పోయింది గదా.

మా వాళ్లు నాకు చెబుతూనే ఉన్నారు. నీ కోసమే చేశాడు, నీ పొలం తొందరగా విడిపిద్దామనే, నీ నోటికి భయపడి చెప్పలేదు అని. కావచ్చు. కానీ భయపడ్డవాడు మాట దాస్తాడు. కలర్ జిరాక్స్ తీయించి, లామినేషన్ చేయించి, దాన్ని నేను పవిటతో తుడుస్తుంటే చూస్తూ కూర్చోడు. తాగి పోగొట్టినా, పేకాటలో పోగొట్టినా తిట్టి ఊరుకునేదాన్ని. ఇది ఇద్దరం కూర్చుని అనుకున్న మాట. నాతో ఆయన కూర్చున్నది ఆ ఒక్కసారే. అది కూడా నాకు మిగల్చలేదు.

ఈ ఏడు నా ఎకరంలో మిరప బాగా పండింది. భోగ్యానికి పట్టినవాళ్లు కోతకు కూలీలు కావాలంటే నేనూ వెళ్లాను. నా పొలంలో కాయ కోసి, సాయంత్రం వాళ్ల చేతి మీదుగా కూలి తీసుకున్నాను. వస్తూ సున్నం కొనుక్కొచ్చి ఆ గోడకు నేనే కొట్టుకున్నాను, రెండు పూతలు. బూడిదరంగు మరక పోయింది. మళ్లీ ఒక్క గీత కూడా గీయలేదు. నా లెక్క నాకు నోట్లోనే ఉంటుంది, ఎవరూ తుడవాల్సిన పని లేదు.

బాండు కాయితం మాత్రం పారేయలేదు. వంటింట్లో నీళ్ల బిందె కింద వేశాను. రోజూ నీళ్లు కారుతూనే ఉంటాయి. దానికేం కాలేదు. నీళ్లల్లో పడ్డా చెడదన్నాడు. ఆ మాట మటుకు నిజమే చెప్పాడు.